జోడుకుండలోని మాట

కార్తీక శుద్ధ పంచమినాడు, పొద్దెక్కి మూడు గడియలైన వేళ, ఏలానది ఆనకట్ట తొమ్మిది తూములూ ఒకేసారి ఎత్తారు. నగారా మోగలేదు. దిగువన మూడు ఊళ్లు మునిగాయి. మూడువందల పన్నెండు మంది చనిపోయారు.

మరునాడు ఉదయం వైజయంత రాజ్యపు భటులు ఆనకట్టకు వచ్చి తూము కావలి గుండనను పట్టుకున్నారు. తూముల చక్రం తిప్పినవాడు అతనే. ఉత్తర్వు లేకుండా, తాగిన మైకంలో తిప్పాడని అభియోగం. అష్టమి మధ్యాహ్నం రాజసభలో విచారణ, విచారణ ముగిసిన వెంటనే స్వరహరణ అని చాటింపు వేశారు. స్వరహరణ అంటే మాంత్రికుడు మూకనాథుడి గుహకు పంపడం. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి వస్తే మాట లేకుండా వస్తారు. చాలామంది తిరిగి రారు.

గుండన చేతులు కడుతున్నప్పుడు ఆనకట్ట అధికారి బాచన మూడడుగుల దూరంలో ఉన్నాడు. ముప్పైఒక్క ఏళ్లుగా ఆ ఆనకట్ట అతని అధీనంలో ఉంది. తూములు ఎత్తమని గుండనకు చెప్పింది అతనే. భటుల దళపతి అతనివైపు తిరిగి, "అధికారిగారూ, మీరు చెప్పేదేమైనా ఉందా?" అని అడిగాడు. బాచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భటులు వెళ్లిపోయారు.

ఆ రాజ్యంలో ఉత్తర్వులు రాయరు. అరవై ఏళ్ల కిందట మూకనాథుడు అప్పటి రాజుకు ఒక విద్య నేర్పాడు. రాజు తన మాటను మట్టికుండలో పలుకుతాడు. వెంటనే మూతికి తడిమట్టి మెత్తి, దానిమీద రంగులక్కతో సింహముద్ర వేస్తారు. ఆ కుండను అధికారికి పంపుతారు. అధికారి పగలగొడితే మాట బయటికి వస్తుంది. ఒక్కసారే వస్తుంది, గాలిలో కలిసిపోతుంది. ఆజ్ఞ పాటించాలంటే కుండ పగలాలి, కుండ పగిలితే ఆజ్ఞకు సాక్ష్యం ఉండదు. అందుకని రాజు ప్రతి ఉత్తర్వునూ రెండు కుండల్లో పలకాలని నియమం పెట్టారు. రెండోదాన్ని జోడుకుండ అంటారు. అది రాజధానికి పడమట, మూకనాథుడి గుహ ఉన్న కొండలోనే తొలిచిన స్వరశాలకు చేరుతుంది.

ఇంకో మర్యాద కూడా ఉంది. రాజస్వరం వినబడుతున్నంతసేపూ అక్కడున్నవాళ్లు నుదురు నేలకు ఆనించి "చిత్తం, చిత్తం" అంటూ ఉండాలి. గట్టిగా అనాలి. మాట ఆగేదాకా ఆపకూడదు. అననివాడు రాజద్రోహి.

పంచమి పొద్దున ఆనకట్ట మీద కుండ పగిలినప్పుడు బాచనతో కలిపి పదకొండుమంది ఉన్నారు. పదిమంది చిత్తం చిత్తం అని అరుస్తున్నారు, వాళ్లకేమీ వినబడలేదు. బాచన పెదవులు మాత్రమే కదిపాడు. ఉత్తర్వు సరిగ్గా వినాలంటే నోరు మూసుకోవాలని కొలువులో చేరిన రెండో ఏడే అతను తెలుసుకున్నాడు. అది నేరం కనుక ఎవరికీ చెప్పలేదు.

అతను విన్నది ఇది: "తొమ్మిది తూములూ ఎత్తండి. ఎగువ సరస్సు నీళ్లు మా విహారమంటపం మెట్లు ఎక్కుతున్నాయి. నగారా మోగించవద్దు. అతిథులు కంగారుపడతారు."

తూములు ఎత్తేముందు ఒక గడియసేపు నగారా మోగించడం ఆ ఆనకట్ట కట్టిన నాటినుంచీ ఉన్న పద్ధతి. దిగువ ఊళ్లవాళ్లు అది విని మెరకకు వెళ్తారు. గుండన చక్రం మీద చేయి వేసి అడిగాడు.

"నగారా కొట్టించమంటారా అయ్యా?"

"వద్దన్నారు. ఎత్తు."

"అయ్యా, మా ఇంటిది కోతలకని నిన్న దిగువకు పోయింది."

"ఉత్తర్వు, గుండనా," అన్నాడు బాచన.

గుండన చక్రం తిప్పాడు.

*

షష్ఠి మధ్యాహ్నం బాచన రాజధానికి వెళ్లి చెరసాలలో గుండనను చూశాడు.

"తిన్నావా?" అని అడిగాడు.

"తిన్నానయ్యా. ఇక్కడ సంకటి మనదానికంటే మెత్తగానే ఉంది. ఇన్నేళ్లూ ఆనకట్ట మీద వండినోడినే పట్టుకురావల్సింది, నన్ను కాదు."

బాచన ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. గుండనే మళ్లీ అందుకున్నాడు.

"మావోళ్లు తొమ్మిదిమందీ వచ్చి సాక్ష్యం చెప్తామన్నారు. ఏం చెప్తారు పాపం? అందరం చిత్తం చిత్తం అని గొంతు చించుకుంటుంటిమి. కుండ పగిలిందనే తెలుసు, అందులో ఏముందో ఎవరికి తెలుసు?"

"నేను చెప్తాను."

"తమరు చెప్తే తమరి మాట. ఆయన మాట కాదుగా." గుండన దగ్గరికి వచ్చాడు. "అయ్యా, మా ఇంటిది దొరికింది. తుమ్మకొమ్మకు కొప్పు చిక్కుకుని ఉందంట. నాకు చూపించలేదు. నేనొకటే అడుగుతా. నగారా వద్దని ఆ కుండలో నిజంగా ఉందా? లేక కంగారులో తమరే అనేశారా?"

"ఉంది. నా చెవులతో విన్నాను."

"మేమందరం అరుస్తుంటే తమరికెట్లా వినబడింది?"

బాచన వెనక్కి చూసుకున్నాడు. భటుడు దూరంగా ఉన్నాడు.

"నేను అనను, గుండనా. పెదవులు కదుపుతాను. అంతే."

"ఎన్నాళ్లనుంచి?"

"ముప్పై ఏళ్లనుంచి."

గుండన నవ్వాడు. భార్య పోయాక అతను నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక చేతి వెనుకతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమీ వినని నేను ఎత్తానంటే ఒక దారి," అన్నాడు. "విన్న తమరు ఎత్తమన్నారు."

బాచన ఊచలు వదిలేశాడు.

"ఆ మాట నా చెవుల్తో వినాలయ్యా. దాన్ని చంపింది నేనా, తమరా, ఆయనా, నాకు తెలియాలి. తర్వాత గొంతు తీసుకుంటారా, తీసుకోనీయండి. ఇంటికెళ్లి మాట్లాడేందుకు ఎవరున్నారు?"

అక్కడినుంచి బాచన మహామంత్రి కమలాకరుడి కచేరీకి వెళ్లాడు. జోడుకుండను సభకు తెప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. కమలాకరుడు తాంబూలం నములుతూ విన్నాడు.

"విచారణలో ఉన్న వ్యవహారం కదా బాచనగారూ. జోడుకుండ ఇప్పుడు బయటికి తీయడం కుదరదు. విచారణ ముగిశాక అర్జీ పెట్టించండి వాడిచేత."

"విచారణ ముగిశాక వాడికి గొంతే ఉండదు, ప్రభూ."

"అప్పుడు మీరు పెట్టండి. మీకు ఉంటుందిగా." మహామంత్రి తాంబూలం ఉమ్మి నోరు తుడుచుకున్నాడు. "జలాధ్యక్ష పదవి ఖాళీ అయింది. మీ పేరు ప్రభువుల దృష్టిలో ఉంది. తూము కావలి తాగి ఉన్నాడని ఒక్కమాట సభలో అనండి. ఈ వయసులోనైనా పైకి వస్తారు."

"చిత్తం," అని బాచన బయటికి వచ్చాడు. కచేరీ మెట్లు దిగాక, ఆ మాట గట్టిగానే అన్నానని గుర్తుకొచ్చింది.

*

సప్తమినాడు తెల్లవారాక, మూకనాథుడు మంత్రించాల్సిన ఖాళీ కుండలు మోసేవాళ్ల వరుస స్వరశాల కొండ ఎక్కింది. నలభైమంది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద కుండ, మోకాళ్ల పైకి గోచీ. బాచన నలభయ్యోవాడు. మీసం తీయించుకున్నాడు, ఒళ్లంతా ఎర్రమట్టి పూసుకున్నాడు.

స్వరశాలను కొండను తొలిచి ఏడు అంతస్తులుగా చేశారు. ఒక్కో అంతస్తుకు వంద అరలు. ఒక్కో అరకు వంద కుండలు. యుద్ధపు ఉత్తర్వులకు ఎర్రముద్ర, భూముల ఉత్తర్వులకు పచ్చముద్ర, నీళ్ల ఉత్తర్వులకు నీలిముద్ర. రాతిగోడల్లో అభ్రకం పొదిగారు, వాకిట పడిన ఎండ ఒక గోడనుంచి ఇంకో గోడకు జారుతూ ఏడో అంతస్తుదాకా వెళ్తుంది. ఆ వెలుగులో డెబ్భై వేల కుండలు వరుస తీరి ఉంటాయి. వాటిలోని మాటలన్నీ కలిసి తేనెపట్టులా రొద చేస్తాయి. అరవై ఏళ్ల ఆజ్ఞలు ఆ రొదలో ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా ఎన్నడూ సభకు తెప్పించలేదు.

అక్కడ పనికి చెవిటివాళ్లనే పెట్టుకుంటారు. అరల పెత్తనం మాచమ్మది. ఆమె పుట్టుచెవిటి, కుమ్మరి ఇంటి మనిషి. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. కుండలు దింపించుకుంటూ నలభయ్యోవాడి దగ్గర ఆగింది.

"నువ్వు మోతగాడివి కాదు," అంది. చెవిటివాళ్ల అలవాటు ప్రకారం గట్టిగానే అంది. మిగతా పనివాళ్లకు వినబడే ప్రమాదం లేదు. మోతగాళ్లు అప్పటికే వెనుదిరిగారు. "మోతగాడి మెడ నిటారుగా ఉంటుంది. నీ మెడ వంగి వంగి ముందుకు పోయింది. అది కొలువు మెడ. ఎవరయ్యా తమరు?"

బాచన చెప్పాడు. ఏలానది పేరు పెదవుల మీద కనబడగానే ఆమె అతని రెక్క పట్టుకుని ఒక అర వెనక్కి లాక్కుపోయింది.

"నీలిముద్ర కుండ కోసమా?"

"దాని సంగతి మీకెలా తెలుసు?"

ఆమె రెండు అరచేతులూ చూపించింది. "కుండ కడుపు మీద చెయ్యి పెడితే లోపలి మాట నాకు తెలుస్తుంది. వాళ్లకా సంగతి తెలియదు. చెవిటిది కదా, దీనికేం తెలుస్తుందనుకుంటారు. ఆ కుండ చవితినాడు పొద్దుగూకే ముందు వచ్చింది. నగారా వద్దు అన్న మాట నా చేతికి తగిలింది. మర్నాడు పొద్దునదాకా ఊళ్లన్నీ ఉన్నాయి. నేను పరుగెత్తి ఉండొచ్చు." ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "నా పని అరలో పెట్టడం. అరలో పెట్టాను."

బాచన తలవంచాడు. తర్వాత ఆమెకు కనబడేలా మొహం ఎత్తి మాట్లాడాడు.

"నేనూ అంతేనమ్మా. ముప్పైఒక్క ఏళ్లు నన్ను నేను తూము అనుకున్నాను. పైన రాజు ఉన్నాడు, కింద ఊళ్లు ఉన్నాయి. పైనుంచి వచ్చింది కిందికి వదలడమే నా పని, తూముకు పాపమేమిటి అనుకున్నాను. కాని తూముకు చెవులుండవు. నాకు ఉన్నాయి."

"ఏడ్పు తర్వాత. నోరు తెరువు," అంది మాచమ్మ. కుమ్మరిసారె పక్క తొట్టినుంచి పిడికెడు తడిమట్టి తీసి ముద్ద చేసింది. "నీళ్ల కుండల గదికి పోవాలంటే పిలుపుల సందు దాటాలి. అక్కడ గోడలు పేరు పెట్టి పిలుస్తాయి. పలికితే గొంతు గోడలోకి పోతుంది. నాకు వినబడదు కాబట్టి నేను పోతాను, వస్తాను. తమరు పలుకుతారు."

"పలకనమ్మా."

"అందరూ అదే అంటారు. పోయినవాళ్లలో దొంగలకంటే కొలువువాళ్లే ఎక్కువ. పిలిస్తే పలకడం అలవాటైపోయి ఉంటుంది మీకు." మట్టిముద్దను అతని నోట్లో కుక్కింది.

సందు నూరడుగుల పొడవు. నేలమీద తలపాగాలు పడి ఉన్నాయి. కొలువు తలపాగాలు, పసుపు అంచువి. పదో అడుగులో బాచనను తల్లి పిలిచింది. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. అతను నడిచాడు. ముప్పయ్యో అడుగులో భార్య పిలిచింది. ఆమె పోయి నాలుగేళ్లు. అతని కళ్లు తడిశాయి, నడిచాడు. అరవయ్యో అడుగులో అతను కొలువులో చేరిననాటి పాత జలాధ్యక్షుడి గొంతు వినబడింది.

"బాచనా! ఎక్కడ చచ్చావయ్యా?"

బాచన నడుము దానంతటదే వంగింది. చేతులు ముడుచుకున్నాయి. దవడ కదిలింది, పళ్లు మట్టిలో దిగబడ్డాయి. నాలుక 'చిత్తం' అనబోయి మట్టికి తగిలి ఆగింది. వెనకనుంచి మాచమ్మ అతని నడుం మీద ఒక్క గుద్దు గుద్దింది. అతను మిగతా నలభై అడుగులూ పరుగెత్తాడు.

నీళ్ల కుండల గదిలో చివరి అరలో చివరి కుండ. మాచమ్మ చేయి ఆనించి తల ఊపింది. బాచన దాన్ని చుట్టకుదురు గుడ్డలో మూటగట్టి మెడకు వేసుకున్నాడు. అదే క్షణంలో మాచమ్మ తన పాదాలవైపు చూసుకుంది.

"రొద ఆగింది," అంది. "రాయి ఊగడం లేదు. ఆయనొస్తున్నాడు."

డెబ్భై వేల కుండలు మౌనమయ్యాయి. సందు మొదట మూకనాథుడు నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి. నోరు ఉండవలసినచోట చర్మం నునుపుగా ఉంది. అతను ఒక అడుగు వేశాడు. అడుగు చప్పుడు కాలేదు. అరమీది కుండ ఒకటి కిందపడి పగిలింది. దాని చప్పుడూ వినబడలేదు, దానిలోని మాటా వినబడలేదు. మూకనాథుడి గొంతులో మాత్రం ఏదో దిగినట్టు కదిలింది.

గది మూల పెంకులు పారబోసే బొక్క ఒకటి ఉంది. మాచమ్మ బాచనను అందులోకి తోసింది.

అతను కొండ లోపలినుంచి జారాడు. వీపు చెక్కుకుపోయింది. కుండను పొట్టకు హత్తుకున్నాడు. అరవై ఏళ్ల పెంకుల గుట్టమీద పడి, దొర్లి, ఏలానది ఒడ్డున ఆగాడు. మట్టిముద్ద ఉమ్మేశాడు. ఒడ్డున మాచమ్మ వాళ్ల గుండ్రటి తోలు పుట్టి కట్టి ఉంది. తాడు విప్పి ఎక్కాడు. వరద ఇంకా పూర్తిగా తీయలేదు, నీరు ఎర్రగా, వడిగా ఉంది. పుట్టి మూడు చుట్లు తిరిగి ప్రవాహంలో పడింది.

అరక్రోసు పోయాక నీటి చప్పుడు ఆగిపోయింది. వెనక్కి చూశాడు. మూకనాథుడు నీటిమీద నడిచి వస్తున్నాడు. అతని కాళ్లకింద అల లేవడం లేదు. ఒడ్డున కొంగ ముక్కు తెరిచింది, అరుపు రాలేదు. ఆ మౌనం కుండను తాకితే లోపలి మాట అతని గొంతులోకి పోతుంది.

బాచన నీళ్ల మనిషి. గాలిలో పోయినంత తేలిగ్గా మౌనం నీళ్లలో పోదని, లోతున రాళ్లు దొర్లుతూనే ఉంటాయని అతనికి తెలుసు. పుట్టిని తన్ని వదిలేసి కుండతో సహా మునిగాడు. ఎదురుగా మొదటి ఊరి అంచు ఇంటికప్పు ఒకటి సుడిలో తిరుగుతూ తేలుతోంది. దాని కిందికి దూరి, దూలం పట్టుకుని, కుండను రెండు మోకాళ్ల మధ్య నీళ్లలో అదిమిపెట్టి, గడ్డికి నీటికి మధ్య జానెడు ఖాళీలో ముక్కు పెట్టాడు.

కప్పు పైన అడుగులు పడ్డాయి. గడ్డి అణిగింది. చాలాసేపు అణిగే ఉంది.

బాచన కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. అతను పట్టుకున్న దూలానికి ఒక ఉయ్యాల కట్టి ఉంది. పాత చీర ఉయ్యాల. నీళ్లలో అటూ ఇటూ ఆడుతోంది. అందులో ఏమీ లేదు.

కప్పు పైకి లేచింది. కాసేపటికి నీటి చప్పుడు మళ్లీ వినబడింది. కప్పు అతన్ని మూడు ఊళ్ల మీదుగా తీసుకుపోయింది. మొదటి ఊళ్లో గుడి ధ్వజస్తంభం ఒక్కటే నీటిపైన ఉంది. రెండో ఊళ్లో మనుషులు తాళ్లు కట్టుకుని వెతుకుతున్నారు. మూడో ఊళ్లో వెతికేవాళ్లు కూడా లేరు.

*

అష్టమి మధ్యాహ్నం రాజసభ నిండింది. నాలుగువందల మంది సభాసదులు. మకుటవర్ధన మహారాజు సింహాసనం మీద ఉన్నాడు. కింద గుండన గొలుసులతో మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. విహారమంటపానికి వచ్చిన అతిథులు పంచమి సాయంత్రమే తమ దేశాలకు వెళ్లిపోయారు.

మూడో ఊరి దిగువన ఒడ్డెక్కి రాత్రంతా నడిచిన బాచన లోపలికి వచ్చాడు. గోచీ, చెక్కుకుపోయిన వీపు, మీసం లేని మొహం. ద్వారపాలకులు అడ్డగించారు. అతను మూట విప్పి నీలిముద్ర చూపించాడు. ముద్ర పగలకుండా సభకు చేరిన జోడుకుండను వినిపించి తీరాలని శాసనం. వాళ్లు తప్పుకున్నారు.

కమలాకరుడు కుండను చేతిలోకి తీసుకుని ముద్ర చూశాడు. రాజువైపు చూశాడు. మహామంత్రి మొహం క్షణంసేపు మారి మళ్లీ మామూలైంది.

"తప్పకుండా విందాం," అన్నాడు. "ఇందులో రాజస్వరం ఉంది. సభ మర్యాద అందరికీ తెలుసు కదా."

అప్పుడు బాచనకు అర్థమైంది. కుండ తేవడం గురించే ఆలోచించాడు. పగిలాక ఏం జరుగుతుందో ఆలోచించలేదు.

"ప్రభూ!" అని ముందుకు వచ్చాడు. "ఈ ఒక్కసారికి సభను మౌనంగా ఉండమని ఆజ్ఞ ఇప్పించండి. ఒక్కసారికే. మూడువందల పన్నెండు మంది పోయారు."

"రాజస్వరం వినబడుతుంటే మౌనమా?" అని ఎవరో అరిచారు. "ద్రోహి!" అని ఇంకెవరో అన్నారు. బాచన సింహాసనంవైపు చేతులు జోడించాడు. సభను ఆపగలిగినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. మహారాజు ఉంగరం తిప్పుకుంటున్నాడు.

కమలాకరుడు కుండను వదిలేశాడు.

కుండ పగిలింది. నాలుగువందల నుదుళ్లు నేలకు ఆనాయి. నాలుగువందల గొంతులు చిత్తం, చిత్తం, చిత్తం అన్నాయి. స్తంభాలు ఆ చప్పుడును తిప్పికొట్టాయి. గుండన చిత్తం అనలేదు. ఊపిరి బిగబట్టి, మొహం పెంకుల దగ్గరికి పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. బాచన పెదవులు కూడా కదపలేదు. విషయం ముందే తెలిసినవాడు కాబట్టి 'నగారా' అన్న ముక్క ఒక్కటి అతను పట్టుకోగలిగాడు. తర్వాత అదీ పోయింది. పెంకులు మిగిలాయి.

సభలో చిత్తం అనవలసిన పని లేనివాడు రాజు ఒక్కడే. ఆ మాట ఆయనకు వినకుండానే తెలుసు.

"ఏం వినబడింది?" అని కమలాకరుడు సభాలేఖకుణ్ణి అడిగాడు.

"నేనూ చిత్తమంటూనే ఉన్నాను, ప్రభూ."

ఐదుగురు పెద్దలను అడిగారు. ఒకాయన, "ప్రభువుల స్వరం ఎంతో గంభీరంగా ఉంది," అన్నాడు. మిగతా నలుగురూ అదే అన్నారు.

గుండన తల ఎత్తి బాచనవైపు చూశాడు. ఏమీ వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చిన్నగా ఊపాడు.

బాచన సభ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

"మాట నాది," అన్నాడు.

ఆ రెండు మాటలకూ ఆ రాజ్యంలో ఒక అర్థం ఉంది. ఎవరి మాటమీద పని జరిగిందో వాళ్లు సభలో ఆ రెండు మాటలూ అంటే, పని చేసినవాడికి విడుదల, అన్నవాడికి శిక్ష. పాత శాసనం. లేఖకుడు దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

"ఈ తూము కావలి తాగలేదు. నగారా కొట్టించమంటారా అని అడిగాడు. వద్దని నేనన్నాను. అంతకుముందు రాజస్వరం నాతో వద్దంది. ఆ స్వరానికి నేను జవాబుదారీ కాదు. నా నోటికి నేను జవాబుదారీ. విని, అర్థం చేసుకుని, ఎత్తమన్నాను. మాట నాది. రాసుకోండి." సింహాసనంవైపు తిరిగాడు. "నాకు పైన ఉన్నవాళ్లు ఇదే మాట అనదలచుకుంటే, నేను ఆగుతాను."

ఆగాడు. మహారాజు లేచి అంతఃపురంవైపు వెళ్లాడు. నాలుగువందల మంది లేచి నిలబడ్డారు.

గుండన గొలుసులు విప్పి బాచనకు వేశారు. గొలుసు మారుతున్నప్పుడు ఇద్దరి చేతులూ తగిలాయి.

"ఎందుకయ్యా?" అన్నాడు గుండన.

"ఆయన మాట నీకు వినిపించలేకపోయాను. నాదైనా విన్నావు కదా."

"విన్నానయ్యా," అన్నాడు గుండన. "అందరం విన్నాం."

*

బండి మధ్యాహ్నం మూడో జామున పడమటి ద్వారం దాటింది. రెండెడ్ల బండి. ఇద్దరు భటులు, ఒక బండివాడు. ద్వారం దగ్గర మాచమ్మ నిలబడి ఉంది. ఎడమచేతికి కట్టు ఉంది. స్వరశాలనుంచి ఎలా బయటపడిందో ఎవరికీ చెప్పలేదు. బండి పక్కన నాలుగడుగులు నడిచి, పిడికెడు తడిమట్టి బాచన చేతిలో పెట్టింది. భటులు నవ్వుకున్నారు. పిచ్చిదనుకుని వదిలేశారు.

గుండన బండి వెనకే నడిచాడు. వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. తర్వాత జరిగినది అతను చెప్పగా తెలిసింది.

రెండో క్రోసు రాయి దాటాక ఎద్దుల మెడగంటలు ఆగిపోయాయి. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి, గంటలు ఊగుతూనే ఉన్నాయి. భటుడొకడు నోరు తెరిచి ఏదో అరిచాడు, వినబడలేదు. బండికి ముందు దారిలో దుమ్ము గోడలా లేచింది, దాని వెనక ఆరడుగుల పైన మనిషి నీడ కనబడింది. గుండన కళ్లు మూసుకుని నేలమీద పడుకున్నాడు. అతని లెక్కన ఇరవై ఊపిర్లసేపు.

మళ్లీ గంటలు వినబడ్డాక లేచి చూశాడు. ఎద్దులు నిలబడి ఉన్నాయి. భటులిద్దరూ, బండివాడూ గొంతులు పట్టుకుని దారిలో కూర్చుని ఉన్నారు. వాళ్లకు మాట రాలేదు. బండిలో బాచన లేడు. గొలుసులు వేసిన తాళం వేసినట్టే ఉన్నాయి.

బండి పలకల మీద మట్టిముద్ద ఒకటి ఉంది. దానిమీద పళ్ల గుర్తులు, పిలుపుకు పలకకుండా కొరికిపట్టినట్టు, లోతుగా దిగి ఉన్నాయి. గుండన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా తడిగానే ఉంది.